గర్భసంచి ఆపరేషన్ తర్వాత ఇంటిపట్టున ఎన్నాళ్లు?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం. నా వయసు 43. గర్భసంచిలో గడ్డల వల్ల రెండేళ్లుగా విపరీతంగా రక్తస్రావమై, ఒంట్లో రక్తం బాగా తగ్గిపోవడంతో పొట్ట కోసి గర్భసంచి తీసివేశారు. అండాశయాలు ఉంచామని చెప్పారు. మూడు వారాలు కావస్తోంది, కుట్లు విప్పారు. పప్పు, పెరుగు, వంకాయ తింటే చీము పడుతుందనీ, నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందనీ మా అత్తగారు కారప్పొడి అన్నమే పెడుతున్నారు, మంచం దిగనివ్వడం లేదు. విరేచనం సాఫీగా అవడం లేదు. రెండు రోజులుగా గోధుమరంగు మరక కనిపిస్తోంది. వచ్చే నెల దాళ్వా ఊడ్పులకు కూలీలకు వంట నేనే చేయాలి. కాస్త పని చేస్తేనే నీరసం వస్తోంది. ఇది బద్ధకమేమోనని నాకే సిగ్గుగా ఉంది.

జవాబు: అమ్మా, ఇది బద్ధకం కాదు. రెండేళ్లపాటు రక్తం పోగొట్టుకున్న శరీరం ఆపరేషన్ బల్ల ఎక్కేనాటికే నీరసించి ఉంది. అది మూడు వారాల్లో కోలుకోవాలనుకోవడం న్యాయం కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సుమారు 9 శాతం మంది మన ఆంధ్రప్రదేశ్‌లో గర్భసంచి తీయించుకున్నవారే, దేశంలోని రాష్ట్రాలన్నిటిలోకీ ఇదే ఎక్కువ. ఇంటింటా వినిపించే ఆపరేషన్ కావడం వల్లనేమో, కుట్లు విప్పగానే మనిషి మామూలైపోయిందని చుట్టూ ఉన్నవారు అనుకుంటారు. ఆ తొందర నాకు బాధ కలిగిస్తుంది.

కొత్తగా మట్టి వేసిన గట్టు పైన ఎండి గట్టిపడినట్లు కనిపించినా లోపల పచ్చిగానే ఉంటుంది కదా, మీ కోత ఇప్పుడు ఆ స్థితిలో ఉంది. పై చర్మం రెండు వారాల్లో అతుక్కుంటుంది. దాని కింద పొట్ట కండరాలను పట్టి ఉంచే గట్టి పొర ఆరు వారాలకు కూడా పూర్తి బలం పుంజుకోదు, అందుకు కొన్ని నెలలు పడుతుంది. గర్భసంచి తీసినచోట యోని పైభాగంలో వేసిన కుట్లు కూడా లోపల కరుగుతూ మానుతుంటాయి. మీరు చూసిన గోధుమరంగు మరక చాలావరకు ఆ కుట్లు కరగడం వల్లనే. కొద్దికొద్దిగా ఆరు వారాల వరకు కనిపించినా భయపడనక్కరలేదు. దుర్వాసన ఉన్నా, ఎర్రటి రక్తం ధారగా వచ్చినా మాత్రం అది వేరే సంగతి.

బరువుల విషయంలో నేను కచ్చితంగా ఉంటాను. కనీసం ఆరు వారాలు నాలుగైదు కిలోలకు మించి ఎత్తకూడదు. నిండు బిందె పది కిలోలు దాటుతుంది, 20 లీటర్ల మంచినీళ్ల టిన్ను 20 కిలోల పైమాటే. అటువంటివి ఎత్తినప్పుడు, గుండిగ దించినప్పుడు, బోరింగు పంపు కొట్టినప్పుడు పొట్టలోని ఒత్తిడంతా ఆ పచ్చి కుట్ల మీద పడుతుంది, తరువాత హెర్నియాకు (కోత దగ్గర బలహీనపడిన పొరలోంచి పేగు పైకి ఉబకడానికి) దారితీయవచ్చు. కాబట్టి ఈ దాళ్వాకు కూలీల వంట మీది కాదు. ఈ మాట చెప్పుకోవడానికి మీరు మొహమాటపడితే, ఈ పేజీని మీ వారికి, అత్తగారికి చదివి వినిపించండి. ఇంటిల్లిపాదీ తినే అన్నం ఒక్క పంట కాలం మరొకరు వండితే ఎవరికీ లోటు రాదు.

అయితే మంచం దిగకుండా ఉండటం కూడా అంతే పొరపాటు. కదలక పడుకున్నవారికి కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. ఉదయం, సాయంత్రం వసారాలో పది నిమిషాలు నడవడంతో మొదలుపెట్టి, అలసట రాకముందే ఆపుతూ, వారం వారం కొంచెం పెంచండి. లేచేటప్పుడు తిన్నగా లేవకుండా ఒక పక్కకు తిరిగి, చేతిని ఆనించి లేవండి. దగ్గు, తుమ్ము వస్తే కోత మీద చిన్న దిండు అదిమిపెట్టుకోండి. మధ్యాహ్నం నిద్ర వస్తే పడుకోండి.

ఇక పథ్యం. మీ అత్తగారు మీ మేలు కోరే చెబుతున్నారు, ఆమెను నొప్పించకండి. కానీ పప్పు, పెరుగు, వంకాయ వల్ల చీము పట్టదు. చీముకు కారణం సూక్ష్మక్రిములు. మధుమేహం అదుపులో లేకపోతే, ఒంట్లో మాంసకృత్తులు, రక్తం తక్కువగా ఉంటే అవి త్వరగా పట్టుకుంటాయి, అంటే కారప్పొడి అన్నంతో సరిపెట్టడమే గాయానికి చేటు. పప్పు, గుడ్డు, పెరుగు, మీ వైపు సులువుగా దొరికే శీలావతి, బొచ్చె వంటి చేపలు, మునగాకు, తోటకూర, చక్కెరకేళి పండు అన్నీ తినండి. నీళ్లు తగ్గిస్తే విరేచనం గట్టిపడి ముక్కవలసి వస్తుంది, ఆ ముక్కడం కూడా బరువెత్తడంతో సమానమే. మీరు ఐరన్ మాత్రలు వాడుతుంటే వాటివల్ల కూడా మలబద్ధకం రావచ్చు, మలం నల్లగా రావచ్చు. మానేయకుండా నిమ్మరసంతో వేసుకోండి, కాఫీ, టీ, పాలతో మాత్రం వద్దు. అప్పటికీ సాఫీగా కాకపోతే మందు రాయమని మీ వైద్యులను అడగండి. తలకు గుడ్డ కట్టుకోవడం, చెవుల్లో దూది పెట్టుకోవడం వల్ల నష్టం లేదు, పెద్దావిడ మాట అక్కడ వినండి.

గోరువెచ్చని నీటితో స్నానం చేసి కోతను మెత్తని గుడ్డతో అద్దండి. పసుపు, బూడిద, ఆకుపసరు పూయవద్దు. కాలువ రేవులో, చెరువులో మునగడం పూర్తిగా మానేవరకు వద్దు.

జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, గంటకొక ప్యాడ్ తడిసేంత రక్తం పోయినా, కోత ఎర్రబడి చీము కారినా, ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా, మూత్రం రాకుండా ఆగిపోయినా, తెలియకుండా కారిపోతున్నా, వాంతులతో పొట్ట ఉబ్బినా తెల్లవారేదాకా ఆగకూడదు. పంటు (మనుషులను, బళ్లను దాటించే పెద్ద పడవ) మీద గోదావరి దాటి వెళ్లవలసిన లంకవాసులు రాత్రివేళ ఎవరి పడవ, ఎవరి ఆటో దొరుకుతాయో ముందే మాట్లాడి ఉంచుకోవాలి. 108కి ఫోన్ చేయడం ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ప్రశ్న: భీమవరం దగ్గర మా ఊరు. నా భార్యకు గర్భసంచి తీసి ఆరు వారాలు అయింది. బాగానే ఉంది కదా, మళ్లీ ఆసుపత్రికి ఎందుకని అంటోంది. మా దాంపత్య జీవితం గురించి అడగడానికి ఇద్దరికీ సంకోచంగా ఉంది.

జవాబు: మీరు అడిగినందుకు సంతోషం. లోపలి కుట్లు మానాయో లేదో వైద్యులు పరీక్షించి చూస్తే తప్ప తెలియదు, మానకముందు కలిస్తే ఆ కుట్లు విడిపోయే ప్రమాదముంది. అందువల్ల పరీక్ష అయ్యేవరకు దూరంగా ఉండండి. మానిన తరువాత ఏ అడ్డూ లేదు. గర్భసంచి పోయినంత మాత్రాన ఆమె స్త్రీత్వం గానీ, బలం గానీ, మీమీద ప్రేమ గానీ తగ్గవు. రెండు అండాశయాలు కూడా తీసి ఉంటే ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, యోని పొడిబారడం రావచ్చు, వాటికి చికిత్స ఉంది. వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం తీసుకువెళ్లండి. తీసిన గర్భసంచిని పరీక్షకు పంపి ఉంటారు, ఆ బయాప్సీ రిపోర్టు మీ చేతికి ఇంకా రాకపోతే ఆ రోజే అడిగి తీసుకోండి.