టీటీ సూదిలో రెండో ‘టీ’

ప్రశ్న: డాక్టరు గారూ, టాక్సిన్ వేరు, టాక్సాయిడ్ వేరు అని మా మేడం చెబుతుండగానే బెల్లు కొట్టారు. టీటీ సూదిలో రెండో ‘టీ’ టాక్సాయిడేనట. అంటే మనకు విషమే ఎక్కిస్తున్నారా? మొన్న మా నాయనకు పార తగిలి కాలు తెగింది. పోయినేడు టీటీ వేయించుకున్నా, ఆర్నెల్లు దాటిందని మళ్లీ వేయించుకున్నాడు. అవసరమేనా?
– ఇంటర్ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: పశువుల డాక్టరును అడగాల్సిన ప్రశ్నే అడిగావమ్మా. ఎందుకో చెబుతాను.

టీటీలో మొదటి ‘టీ’ టెటనస్, అంటే ధనుర్వాతం. దాన్ని తెచ్చే సూక్ష్మజీవి పేరు క్లాస్ట్రీడియం టెటనై. దాని బీజాలు మట్టిలో, పేడలో ఏళ్ల తరబడి పడి ఉంటాయి. లోతు గాయంలో గాలి ఆడని చోటు దొరికితే చాలు, మొలకెత్తి విషం తయారు చేస్తాయి. ఆ విషమే టాక్సిన్. దవడలు బిగుసుకుపోవడం, నడుము విల్లులా వంగిపోవడం అన్నీ దాని పనే. మనిషి బరువులో కిలోకు 2.5 నానోగ్రాములు చాలు, ప్రాణం తీయడానికి. ఒక మిల్లీగ్రామును పది లక్షల భాగాలు చేస్తే అందులో రెండున్నర భాగాలన్నమాట. ఇంత కొంచెం కాబట్టే ధనుర్వాతం వచ్చి బతికి బయటపడ్డవాళ్లకు కూడా నిరోధక శక్తి రాదు. శరీరం గుర్తుపట్టేంత విషం లోపల ఉండదు మరి. వాళ్లకూ కోలుకున్నాక టీకా వేయాల్సిందే.

ఆ విషంలో ఫార్మలిన్ అనే రసాయనం కలిపి కొన్ని వారాలు గోరువెచ్చగా ఉంచితే చంపే గుణం పోతుంది, రూపం మాత్రం దాదాపు అలాగే మిగులుతుంది. కొండి విరిచిన తేలులాంటిది. దాన్ని చూసి శరీరం అసలు తేలును పట్టుకోవడం నేర్చుకుంటుంది. అదే టాక్సాయిడ్. నిల్వ ఉంచిన కంఠసర్పి (డిఫ్తీరియా) విషం కాటు పోయినా పోలిక పోగొట్టుకోలేదని గమనించి, 1890ల చివర్లో ఈ మాటను వాడింది జర్మనీ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్. 1920లలో ఫ్రాన్స్‌లోని పాశ్చర్ సంస్థలో ఫార్మలిన్‌తో దాన్ని నమ్మకంగా తయారు చేసినవాడు గాస్టన్ రామోన్. ఆయన పశువుల డాక్టరు! గుర్రాల రక్తం నుంచి విరుగుడు సీరం తీసే పనిలో ఉండి ఇది పట్టుకున్నాడు. మా వాళ్లలో ఎవరికైనా ఈ సంగతి తెలిస్తే ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది.

గుర్రాల నుంచి తీసిన ఆ విరుగుడు యాంటీటాక్సిన్. ఇక్కడే చాలామంది తికమక పడతారు. టాక్సాయిడ్ శరీరానికి పాఠం నేర్పుతుంది, దానికి రోజులు పడుతుంది. యాంటీటాక్సిన్ తయారుగా ఉన్న విరుగుడు, అప్పటికప్పుడు పనిచేస్తుంది, కొన్ని వారాల్లో పోతుంది. ఎన్నడూ టీకా వేయించుకోనివాళ్లు పేడమట్టి అంటిన గాయంతో వస్తే దవాఖానలో రెండు సూదులు రెండు చోట్ల వేసేది ఇందుకే. టీకాలన్నీ టాక్సాయిడ్లు కావు. పోలియో చుక్కల్లో ఉండేది బలహీనపరిచిన వైరస్. పసిపిల్లలకు వేసే అయిదు రోగాల టీకా పెంటావాలెంట్‌లో ధనుర్వాతం, కంఠసర్పి భాగాలు టాక్సాయిడ్లు, కోరింతదగ్గు భాగం చంపిన సూక్ష్మజీవులు.

ఇక మీ నాయన సంగతి. ఆర్నెల్ల లెక్క మన ఊళ్లలో ఎవరు పుట్టించారో గానీ, దానికి ఆధారం లేదు. మొదటి డోసులన్నీ పూర్తయి ఉంటే శుభ్రమైన చిన్న గాయానికి పదేళ్లు, మట్టి పట్టిన గాయానికి అయిదేళ్లు దాటితేనే మళ్లీ సూది. పోయినేడు వేయించుకున్నాయనకు అక్కర్లేదు. గాయాన్ని సబ్బునీళ్లతో బాగా కడిగాడో లేదో అడుగు, నాకు ఆ బెంగే ఎక్కువ. ఇప్పుడు ప్రభుత్వ దవాఖానల్లో టీటీ బదులు టీడీ ఇస్తున్నారు. అందులో కంఠసర్పి టాక్సాయిడ్ కూడా కొంచెం ఉంటుంది. పదేళ్లకు, పదహారేళ్లకు వేస్తారు. నీకు రెండోది పడిందా?

ప్రశ్న: తొలకరి పడ్డాక మందకు చిటుకు రోగం టీకా వేయించాను. వారం తిరగకుండానే బాగా బలిసినవే రెండు పోయాయి. టీకా నకిలీదా?
– గొర్రెల కాపరి, అచ్చంపేట

జవాబు: నకిలీ అనుకోను. చిటుకు రోగం తెచ్చే సూక్ష్మజీవి ధనుర్వాతం జీవికి అన్నదమ్ముల వరస. గొర్రె పేగుల్లో మామూలుగానే ఉంటుంది. తొలకరికి లేచిన లేతగడ్డి ఒక్కసారిగా కడుపునిండా మేస్తే అది విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. ఎక్కువ మేసేది బలిసిన గొర్రే గనుక ముందు పోయేదీ అదే. సాయంత్రం బాగున్నది తెల్లారేసరికి కాళ్లు చాపి ఉంటుంది. అలాంటిదాన్ని కోసి చూస్తే ఒక్కోసారి కిడ్నీ వేళ్ల మధ్య గుజ్జులా నలిగిపోతుంది.

ఆ టీకాలోనూ పనిచేసేది టాక్సాయిడే. శరీరం నేర్చుకోవడానికి రెండు వారాలు కావాలి. గడ్డి మొలిచాక వేస్తే ఆలస్యమే. మే నెలలో వేయించు. మొదటిసారి వేసే గొర్రెపిల్లలకు రెండు మూడు వారాలకు రెండో డోసు తప్పదు, చాలామంది ఎగ్గొట్టేది అదే. చూడి గొర్రెలకు ఈనడానికి నెల ముందు వేస్తే జున్నుపాల ద్వారా పిల్లకు రక్షణ అందుతుంది. ఇంకో మాట. టీకా సీసాను ఐసు ముక్కలకు ఆనించి పెట్టకండి. మందు గడ్డకడితే, కరిగాక చూడ్డానికి బాగానే ఉన్నా పనికిరాదు. వానలు పడ్డ మొదటి రోజుల్లో ఎండుమేత కొంత పెట్టాకే మందను బయటికి తోలు.

ప్రశ్న: ఫ్లోరైడ్ కూడా విషమే కదా. దానికి టాక్సాయిడ్ ఎందుకు చేయరు?
– మర్రిగూడ పాఠకుడు

జవాబు: టాక్సిన్ అంటే ప్రాణమున్న జీవి తయారు చేసే విషం. ధనుర్వాతం టాక్సిన్ పెద్ద ప్రోటీన్, అందుకే శరీరం దాన్ని గుర్తుపట్టగలదు. ఫ్లోరైడ్ రాతిలోంచి నీళ్లలోకి దిగే చిన్న అయాను. దాన్ని గుర్తుపట్టి పోరాడే ఏర్పాటు మన ఒంట్లో లేదు కాబట్టి టీకా కుదరదు. దాన్ని నీళ్లలోంచే తీసేయాలి. నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ తయారు చేసి మన నల్లగొండ పేరు పెట్టిన పద్ధతిలో పటిక, సున్నం కలిపి చేసేది అదే. మరిగిస్తే పోతుందనుకోకండి. నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. కృష్ణా నీళ్లు వచ్చే నల్లా ఉంటే తాగడానికి, వంటకు అవే పట్టుకోండి. బోరు నీళ్లు బట్టలకు, గిన్నెలకు వాడుకోండి.