ఎండకాలం ఓరుగల్లు చుట్టూ సైకిల్ మీద

హనుమకొండ
ఏప్రిల్ ఆఖరు వారం

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. విశాఖలో పొద్దూకంగ సముద్రం ఒడ్డున సైకిల్ తొక్కుడు అలవాటైందని, మే నెల సెలవులకు వస్తే మన ఊరు కూడా అట్లనే నిమ్మళంగా చుట్టి రావాలని రాసినవు. మంచిదే. మనకు సముద్రం లేదు గానీ చెరువు కట్టలున్నయి, కోట ఉంది. కాకపోతే అక్కడి లెక్క ఇక్కడ పనికిరాదు. ముందు ఆ తేడా చెప్తా.

సముద్రం దగ్గర గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు, చొక్కా తడిసి ఒంటికి అంటుకుంటది, దూపైతది, నీ అంతట నువ్వే ఆగుతవు. ఇక్కడ మే నెల గాలి పొడి గాలి. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతది. గంట తొక్కినా చొక్కా పొడిగనే ఉంటది, ఇంకో గంట తొక్కొచ్చు అనిపిస్తది. ఒంట్ల నీళ్లు మాత్రం అక్కడ పోయినట్టే ఇక్కడా పోతయి. వీపు మీద తెల్లటి ఉప్పు చారలు కనబడే వరకు చాలామందికి సోయి ఉండదు. అందుకని ఇక్కడ చెమటను నమ్మకు, గడియారాన్ని నమ్ము. పావుగంటకోసారి దూప ఉన్నా లేకున్నా మూడు నాలుగు బుక్కలు తాగు. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు పడాలి.

ఇంకో తేడా, అక్కడ పగటిపూట సముద్రం మీది నుంచి చల్లగాలి తిరుగుతది. మనకు పొద్దెక్కిన కొద్దీ పడమటి దిక్కు నుంచి వడగాలి లేస్తది. సాయంత్రం కూడా సుఖం లేదు, పగలంతా కాలిన తారురోడ్డు పొద్దుగూకినంక కూడా సెగ కక్కుతనే ఉంటది. దానికితోడు మే నెల సాయంత్రాలు ఉన్నట్టుండి గాలిదుమారం లేచి ఉరుములు మెరుపులు పడతయి. చెరువు కట్ట మీద ఒంటరి చెట్టు కింద నిలబడేంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. కాబట్టి సాయంత్రం మాట మర్చిపో. మే నడుమ మనకు పొద్దు పొడిచేది 5.40కి అటూ ఇటూ. 5.15 కల్లా వెలుతురు వస్తది. 5.10కి గడప దాటాలి, 8.15కి ఇంట్లో ఉండాలి. రోహిణి కార్తెలో, అంటే మే 25 దాటినంక, దాన్ని 7.30 చేసుకో. రోళ్లు పగిలే ఎండ అని ఊరికే అనలేదు.

ఇక సైకిల్. వసారాలో ఉన్న పెద్ద సైకిల్ ఆరు నెలలుగా కదల్లేదు. గాలి కొట్టి ఎక్కుదామనుకోకు, ఒక పూట దానికి కేటాయించు.

ముందు టైర్లు. గాలి కొట్టకముందే పక్కలు వంచి చూడు. వేలి గోరు దూరేంత పగుళ్లుంటే టైరు మార్చాల్సిందే. ఆ 28 ఇంటూ ఒకటిన్నర అంగుళాల టైరుకు వెనుక 50 పౌన్ల గాలి, ముందు 45 పౌన్లు చాలు. వెనుక చక్రం మీద బరువెక్కువ, అందుకే ఆ తేడా. లారీలకు కొట్టే కంప్రెసర్ దగ్గరికి పోకు. సైకిల్ ట్యూబులో పట్టే గాలే తక్కువ, ఆ మిషిన్ రెండు క్షణాల్లో నింపి పగలగొడ్తది. కాలి పంపు కొట్టుకుంటే చేతికి తెలుస్తది. పొద్దుగాల 50 ఉన్న గాలి ఎండలో నిలబెట్టిన సైకిల్‌లో 57, 58 అయితది. మంచి ట్యూబుకు అదేం లెక్క కాదు. కానీ పాత ప్యాచీల కింద అతికించిన సొల్యూషన్ జిగురు వేడికి మెత్తబడుతది, ప్యాచీ అంచు లేస్తది, గాలి సన్నగా పోవుడు మొదలైతది. ఎండకాలం “ముల్లు లేకుండనే పంచరైంది” అని జనం అనేది ఎక్కువగా దీన్నే. సైకిల్ ఎప్పుడాపినా నీడలో ఆపు.

గాలి నిలవకపోతే ట్యూబు విప్పకముందు వాల్‌ట్యూబు చూడు. వాల్వు పుల్ల మీద తొడిగే ఆ చిన్న రబ్బరు గొట్టం వేడికి ఎండి చీలుతది. వాల్వు మూతి మీద ఉమ్ము రాయి, బుడగ లేస్తే దోషం అక్కడిదే. పాతది పీకి, అంగుళమంత కొత్తది తడిపి తొడుగు. రూపాయల పని. ఇది తెలియక పంచర్ల దుకాణంలో చక్రం విప్పించుకునేవాళ్లు ఎందరో.

చైనుకు కిరసనాయిలు గుడ్డతో మురికి తుడిచి, ఒక్కో లింకు మీద ఒక్క చుక్క మిషిన్ ఆయిల్ వేసి, పెడలు వెనక్కి ఇరవై చుట్లు తిప్పి, పైన మిగిలింది పొడిగుడ్డతో తుడిచెయ్యి. తుడుచుడే ముఖ్యం. నూనె కారేట్టు పోస్తే కట్ట మీది దుమ్మంతా అంటుకొని ఆకురాయిలెక్క పళ్లను అరగదీస్తది. కొబ్బరినూనె వద్దు, గట్టిపడి జిగటైతది. చైను నడుమ వేలితో ఎత్తితే అరంగుళం ఆడాలి. అంతకన్నా వదులైతే ఎత్తు మీద ఊడుతది, బిగుతైతే తొక్కుడు బరువైతది.

బ్రేకు రబ్బర్లు ఎండకు బిర్రబిగిసి నున్నగైతయి. గరుకు కాగితంతో మొఖం గీకి, చక్రం అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం పెట్టు. నూనె వేసిన చేతులతో అంచు ముట్టుకోకు. సీటు సంగతి: పెడలు అన్నింటికన్నా కిందికి దించి మడమ పెట్టినప్పుడు కాలు తిన్నగ రావాలి, అప్పుడు ముందు పాదంతో తొక్కితే మోకాలు కొంచెం వంగి ఉంటది. ఎక్కువమంది సీటు కిందికి దింపుకొని తొక్కుతరు, పది కిలోమీటర్లకే మోకాళ్ల నొప్పులంటరు. పైకి లేపేటప్పుడు సీటు రాడ్ రెండున్నర అంగుళాలన్నా లోపలుండాలి.

సంచిలో పెట్టాల్సినవి: పానా, టైరు విప్పే రెండు లీవర్లు, ప్యాచీలు, సొల్యూషన్, గరుకు కాగితం, చేతి పంపు, రెండు వాల్‌ట్యూబులు. ఎండకాలం కట్టల మీద పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముండ్లు ఎండి రాలి ఉంటయి. పంచరైతే ట్యూబు అతికించే తొందరలో టైరు మర్చిపోతరు. ముల్లు దాంట్లోనే ఉంటది, మళ్లీ ఫర్లాంగు పోకముందే గాలి దిగుతది. టైరు లోపల చుట్టూ గుడ్డ పెట్టి తిప్పు, ఎక్కడ పట్టుకుంటదో అక్కడ ముల్లు. వేలు పెట్టకు. ట్యూబు మీద రూపాయి బిళ్ల కన్నా కొంచెం వెడల్పు గీకి, సొల్యూషన్ పలచగా రాసి, వేలికి అంటకుండా ఆరేదాకా ఆగు. చలికాలం ఐదు నిమిషాలు పడితే ఇప్పుడు రెండు మూడు నిమిషాలే. తడి మీద ప్యాచీ వేస్తే జారుతది.

ఇక ఏ దిక్కు పోవాలన్నది. నువ్వు రాసిన చిట్టా చూసిన. కోట, వేయిస్తంభాల గుడి, భద్రకాళి, పద్మాక్షి గుట్ట, వడ్డేపల్లి చెరువు, అన్నీ ఒక్క పొద్దుగాలనే. అది నిమ్మళంగా తొక్కుడు కాదు, హాజరు వేయించుకునుడు. పైగా సముద్రం గాలి మరిగిన ఒంటికి మన ఎండ అలవాటు కావాలంటే వారం నుంచి రెండు వారాలు పడ్తది. మొదటి మూడు రోజులు వడ్డేపల్లి కట్ట దాకా పోయిరా, ఎనిమిది పది కిలోమీటర్లకు మించకు. కట్ట మీద నడిచేటోళ్లు చాలామంది ఉంటరు. బెల్లు కొట్టుకుంట వాళ్లను తప్పించుకునుడు మర్యాద కాదు, మంది ఎక్కువున్న కాడ దిగి నడిపించుకపో.

నాలుగో రోజు నుంచి హనుమకొండ లోపలికి. వేయిస్తంభాల గుడికి ఏడు లోపలే పో. దానికి కారణం భక్తి కాదు, రాయి. రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆ గుడికి చెప్పులు విడిచే పోవాలి, ఎనిమిది దాటినంక ఆవరణలో బండలు అరికాళ్లను కాలుస్తయి. పొద్దుగాల ఏటవాలు వెలుతురులో ఆ నల్లరాతి నంది నునుపు, స్తంభాల మీది చెక్కుడు కనబడ్డట్టు మిట్టమధ్యాహ్నం కనబడవు. శివుడు, విష్ణువు, సూర్యుడు, మూడు గర్భగుళ్లున్న త్రికూటం అది. నిదానంగా చూడు. అక్కడి నుంచి భద్రకాళి చెరువు దగ్గరే. పద్మాక్షి గుట్ట ఎక్కాలంటే ఆ పూట అదొక్కటే పెట్టుకో. తొక్కిన కాళ్లతో మెట్లెక్కితే పిక్కలు పట్టేస్తయి.

కోట మాత్రం వారం దాటినంకనే. రానూపోనూ పాతిక కిలోమీటర్ల లోపే, గంటకు పన్నెండు కిలోమీటర్ల లెక్కన హాయిగా తిరిగి రావొచ్చు. చిక్కల్లా వేళతోనే. హనుమకొండ నుంచి వరంగల్‌కు పోయేటప్పుడు నీ మొఖం తూర్పుకు. పొద్దు పొడిచిన అరగంటకు ఎండ సూటిగా కండ్లల్ల కొడ్తది. నీకు కనబడకపోవుడు అటుంచు, వెనుక వచ్చే ఆటోవానికి, బస్సువానికి నువ్వు కనబడవు, అదే ప్రమాదం. అందుకని ఎంజీఎం ఆసుపత్రి ముందర నుంచి వరంగల్ చౌరస్తా దాకా పెద్ద రోడ్డు పొద్దు పొడవకముందే దాటాలి. లేత రంగు చొక్కా వేసుకో, వెనుక ఎర్ర లైటు వెలిగించుకో, హెల్మెట్ పెట్టుకో.

ఏనుమాముల మార్కెట్ దిక్కు పోవాలన్న ఆలోచన ఉంటే మానుకో. మార్కెట్ పెద్దదే, ఆసియాలోనే పెద్ద వ్యవసాయ మార్కెట్లలో ఒకటి, చూడాల్సిందే. కానీ మిర్చి దిగే రోజుల్లో సైకిల్ మీద కాదు. పొద్దుగాలనే మిర్చి బస్తాల ట్రాలీలు, లారీలు రోడ్డు నిండ ఉంటయి. గాలికి లేచే ఆ ఘాటు తొక్కేటోని ఊపిరితిత్తుల్లోకి మామూలు మనిషికన్నా ఎక్కువ పోతది, కండ్లు మండితే హ్యాండిల్ వదిలి నలుపుకుంటవు.

కోట దగ్గర ముందు మట్టికోట వస్తది, సుమారు రెండున్నర కిలోమీటర్ల అడ్డుకొలత. దాని లోపల రాతికోట, కిలోమీటరుంపావు అడ్డుకొలత, 45 బురుజులు. గణపతిదేవుడు మొదలుపెడితే రుద్రమదేవి పూర్తి చేయించింది. రెండింటి నడుమ ఇండ్లు, చేన్లు ఉన్నయి. నన్నడిగితే తొక్కేందుకు అసలు సుఖం అక్కడే, తోరణాల కాడ కాదు. రాతికోట దర్వాజాలు శత్రువు తిన్నగ దూసుకురాకుండా వంకర తిప్పి కట్టినయి, ఎదురుగా వచ్చేది మలుపు దాకా కనబడదు. అక్కడ బెల్లు కొట్టు, వేగం తగ్గించు. నడుమ నాలుగు దిక్కులా నిలబడ్డ కీర్తితోరణాలు, కూలిన శివాలయం శిల్పాలు, ఆ పక్కన ఖుష్ మహల్. సైకిల్ బయట చెట్టు నీడలో తాళం వేసి నడిచి చూడు. ఏడింటికి తిరుగుముఖం పట్టాలి.

వచ్చేటప్పుడు రంగశాయిపేట, నాయుడు పెట్రోలు పంపు, హంటర్ రోడ్డు పట్టుకో. పొద్దు నీ వీపు మీద ఉంటది, మెడ కాలుతది, తడి రుమాలు చుట్టుకో. వడగాలి ఆ వేళకు అప్పుడే లేవడం మొదలైతే మొఖానికి ఎదురొస్తది. అందుకే పోయేటప్పుడు బలమంతా ఖర్చు పెట్టొద్దు. పొద్దుగాల కుక్కల గుంపు ఎదురైతే వేగం పెంచకు, దిగు, సైకిల్‌ను నడుమ అడ్డం పెట్టుకొని మెల్లగా నడువు. ఉరికేదాన్నే అవి తరుముతయి.

తిండి విషయం. బయలుదేరే అరగంట ముందు ఒక గ్లాసు పలుచటి జొన్న అంబలి, ఒక అరటిపండు చాలు. మీ పెద్దమ్మ సర్వప్ప, అదే బియ్యప్పిండి రొట్టె, కట్టిస్తానంటది. కట్టించుకో, కానీ తిరిగొచ్చినంక తిను. నూనె, కారం ఎండలో దూప పెంచుతయి. సీసాలో లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి కలుపు. ఉప్పు అంతకు మించొద్దు. ఇంకో సీసాలో ఉప్పేసిన పలుచటి సల్ల. మే నెలలో రోడ్డు పక్కన తాటి ముంజలు కొడుతుంటరు, లేతవి నాలుగైదు తిను, ముదురువి కడుపులో బరువైతయి. చెరుకు రసం తాగితే ఐసు లేకుండా తాగు, ఆ ఐసు ఏ నీళ్లతో చేసిందో ఎవరికీ తెలువదు.

తల తిరిగినా, వికారమైనా, పిక్కలు పట్టినా అక్కడే ఆగు, నీడకు పో. ఇంకో కిలోమీటరే కదా అనుకోకు. నీ వెంట వచ్చే తమ్ముళ్లలో ఎవనికన్నా ఒళ్లు పొయ్యిలెక్క కాలి, మాట తడబడితే అది ఎండదెబ్బ. నీడలో పండబెట్టి బట్టలు వదులు చేసి, మెడకు, చంకలకు, గజ్జలకు తడిబట్టలు పెట్టి విసురు, 108కి ఫోన్ చెయ్యి. సోయి లేనోనికి నీళ్లు పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతయి.

పానా, పంపు వసారాలో ఇనుప డబ్బాలో ఉన్నయి. ప్యాచీలు అయిపోయినయి, సొల్యూషన్ గొట్టం ఎండిపోయింది, రెండూ కొత్తవి కొనాలి. వెనుక టైరు ఎడమ పక్క పగుళ్లున్నట్టు కనబడుతుంది, రాగానే అదే ముందు చూడు.

మీ పెద్దబాపు