తెల్ల స్క్రీన్ సమస్య: ముందు ఆ ఎస్‌డీఏ వైరు చూడు

తమ్మీ, జడ్చర్లలో బోరు మోటారు వోల్టేజీ చూపించడానికి ఆర్డుయినో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకు 1.8 అంగుళాల కలర్ డిస్‌ప్లే పెట్టానని, తెల్లగా వెలిగి ఊరుకుంటోందని రాశావు. డిస్‌ప్లే కాలిపోయిందని టెన్షన్ పడకు. తెల్లగా వెలుగుతోందంటే బ్యాక్‌లైట్‌కు కరెంటు అందుతోంది, లోపల బొమ్మ గీసే ఎస్‌టీ7735 చిప్‌కు మాత్రం నీ మాట చేరడం లేదు.

నీ ఫొటోలో ఎస్‌డీఏ (డేటా) వైరు ఊనో ఏ4 పిన్‌కి పోయింది. అక్కడే దెబ్బ. పేరు చూసి ఐ2సీ అనుకున్నావు, ఇది ఎస్‌పీఐ; రెండూ చిప్‌లు మాట్లాడుకునే వేర్వేరు పద్ధతులు, పిన్నులూ వేరు. ఎస్‌డీఏని 11కి, ఎస్‌సీకే (క్లాక్)ని 13కి మార్చు. బోర్డు మీద ఏ0 అని ఉన్నది డీసీ పిన్ (వచ్చేది ఆదేశమా, డేటానా అని చెప్పేది), దాన్ని 8కి ఇవ్వు. సీఎస్ (చిప్‌ను ఎంచుకునే పిన్) 10కి, రీసెట్ 9కి. మిర్యాలగూడలో నేనూ ఇదే పేరు చూసి రెండు రాత్రులు పాడుచేసుకున్నా!

ఇంకొకటి, చిప్ 3.3 వోల్టులది, ఊనో పిన్నులు 5 వోల్టులిస్తాయి. మధ్యలో ఆ 5ని 3.3కి దించే లెవెల్ షిఫ్టర్ పెట్టు.

బొమ్మ వచ్చాక అంచున చుక్కలు మిగిలినా, ఎరుపు నీలంగా కనిపించినా కోడ్‌లో డిస్‌ప్లే రకాన్ని బ్లాక్‌ట్యాబ్ బదులు గ్రీన్‌ట్యాబ్ అని పెట్టి చూడు. స్క్రీన్ మీది స్టిక్కర్ రంగును నమ్మకు.

అంకె మారినప్పుడల్లా ఫిల్‌స్క్రీన్ (స్క్రీనంతా ఒకే రంగు నింపే ఆదేశం) పిలవకు, మినుకుమంటుంది. 128×160 చుక్కలకు, చుక్కకు రెండు బైట్ల చొప్పున, ప్రతిసారీ 40,960 బైట్లు పంపాలి, ఊనో ర్యామ్ చూస్తే 2,048 బైట్లే, మొత్తం బొమ్మను ముందే అందులో దాచుకోవడమూ కుదరదు. అక్షరాల రంగుతో పాటు వెనక రంగు కూడా ఇస్తే పాత అంకె మీదే కొత్తది పడుతుంది. 230 పోయి 98 వచ్చినప్పుడు చివర ఒక ఖాళీ కూడా ప్రింట్ చెయ్యి, లేకపోతే 980 అని చూసి గుండె ఆగుతుంది.