అల్లుడి గుండె దగ్గరి గడ్డ గురించి బిడ్డకు

పాలమూరు

బిడ్డా,

నువ్వు పంపిన ఎకో రిపోర్టు చదివాను. గుండెను ఆనుకొని గడ్డ ఉంది, చుట్టూ నీరు చేరింది, లింఫాంజియోమా, అంటే లింఫ్ నాళాల గడ్డ, కావచ్చు అని రాశారు. నర్సుగా పనిచేసినన్నాళ్ళూ మెడ దగ్గరో చంకలోనో ఇలాంటివి ఉన్న పసిపిల్లల్ని చూశాను గానీ గుండె మీద మాత్రం ఒక్కటీ చూడలేదు. గుండెలో పుట్టే గడ్డలే అరుదు. వాటిలో నాలుగింట మూడు వంతులు క్యాన్సర్ కానివే. పెద్దవాళ్ళలో ఎక్కువగా కనబడేది మిక్సోమా అనే గడ్డ. ఇది దానికంటే చాలా అరుదు.

ఒంట్లో ఊరిన నీటిని మళ్ళీ రక్తంలోకి చేర్చే సన్నటి లింఫ్ నాళాలు గుండె మీద కూడా ఉంటాయి. తల్లి కడుపులో ఉన్నప్పుడే అవి సరిగా కలవకపోతే అక్కడ నీరు నిలిచి, ముంజకాయలో కళ్ళలాగ గదులు గదులుగా సంచులు ఏర్పడతాయి. అల్లుడు తిన్నదీ తాగిందీ దీనికి కారణం కాదు. మీ అత్త నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ళను తిడుతోందట. ఆ నీళ్ళు ఎముకల్నీ పళ్ళనీ పాడుచేసిన మాట నిజమే గానీ, ఈ పాపం వాటిది కాదు.

క్యాన్సర్ కాదు కదా అని ఊరుకోవద్దు. చుట్టూ ఉన్న పొరలో నీరు పెరిగితే గుండె విచ్చుకోలేదు. ఆయాసం పెరిగినా, కళ్ళు తిరిగి పడిపోయినా, అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకుపో.

ముందు టీబీ పరీక్షలు రాస్తే డాక్టరు మీద కోపం తెచ్చుకోకు. మన దగ్గర గుండె చుట్టూ నీరు చేరిందంటే మొదట అనుమానించేది దాన్నే. సూదితో నీరు తీస్తే అది ఏ రంగులో ఉందో అడుగు. పాలలా తెల్లగా ఉంటే లింఫ్ కారుతున్నట్టు. అయితే తెల్లగా లేనంత మాత్రాన ఇది కాదని అనుకోవద్దు. సీటీ గానీ ఎంఆర్ఐ గానీ తీస్తే ఫిల్మ్‌తో సరిపెట్టుకోక సీడీ కూడా అడిగి తీసుకో. హైదరాబాద్‌లో రెండో డాక్టరు చూసేది దాన్నే.

సర్జన్ దగ్గర మాత్రం మొహమాటపడకు. మొత్తం తీయగలరా, గుండెకు రక్తమిచ్చే నాళానికి అతుక్కుని ఉందా, ఆపరేషన్ సేపు గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్‌లంగ్ మెషిన్ పెట్టాలా, ఇప్పుడే తీయాలా లేక ఎకోలు చేస్తూ చూడొచ్చా, ఇవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళు. రక్తనాళానికి అతుక్కున్న చోట కాస్త వదిలేస్తామంటే అది సర్జన్ చేతగానితనం కాదు, ముందుజాగ్రత్తే. కత్తి పడితే గడ్డ ఒళ్ళంతా పాకుతుందని మీ ఊళ్ళో ఎవరో అన్నారన్నావు. ఇది ఇతర అవయవాలకు పాకే రకం కాదు. ఆ మాట అల్లుడి చెవిన పడనీయకు, అసలే టెన్షన్ మనిషి.

డబ్బు గురించి: ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను కలిసి ఈ ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కిందికి వస్తుందో లేదో ముందే తేల్చుకో. 2023 డిసెంబరు నుంచి పరిమితి 10 లక్షలు. రేషన్ కార్డు, ఆధార్ దగ్గర పెట్టుకో. మంజూరు రాకముందే అప్పు చేసి నగదు కట్టొద్దు. రక్తమిచ్చేవాళ్ళను కూడా మన ఇళ్ళలోంచే చూసి పెట్టుకో.

ఆపరేషన్ అయ్యాక అందరూ డిశ్చార్జి కోసం తొందరపడతారు, బయాప్సీ రిపోర్టును మరిచిపోతారు. నాకు అన్నిటికంటే ముఖ్యం ఆ కాగితమే. ఎకోలో రాసింది అనుమానం మాత్రమే, గడ్డ ఏ రకమో ఖాయంగా చెప్పేది మైక్రోస్కోపు కింద చూసిన పెథాలజిస్టే. ప్రత్యేక పరీక్ష కావాలంటే వద్దనకు. ఏమాత్రం మిగిలినా ఇది మళ్ళీ పెరగొచ్చు. అందుకే ఎన్ని నెలలకోసారి ఎకో చేయించాలో డిశ్చార్జి కాగితం మీదే రాయించుకో. ఒంట్లో బాగానే ఉందని అల్లుడు తప్పించుకుంటాడు, వినకు.

ఫైలంతా తేదీల వరసలో పెట్టి, సర్జన్‌ను కలిసే ముందు నాకు ఫోన్ చెయ్యి. ప్రశ్నలు ఇద్దరం కలిసి రాద్దాం.

మీ పెద్దమ్మ