రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేస్తూ కథలు రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ ఉత్తరమూ కథా రెండూ అందాయి. ఆఫీసు, వంట, ఇద్దరు పిల్లల చదువు, వీటి మధ్య రాయడానికి వీలు చిక్కడం లేదనీ, ఆరు నెలలు జీతం లేని సెలవు పెట్టేస్తే ఎలా ఉంటుందనీ అడిగావు. పెట్టొద్దు. సెలవు పెట్టిన మొదటి వారంలోనే ఇంటిపని మొత్తం నీ మీదికి జరుగుతుంది. "ఇంట్లోనే ఉన్నావు కదా" అనే మాట ఒకసారి మొదలైతే ఆపడం నీ తరం కాదు. పైగా నీ కథలకు కావలసిన సరుకంతా ఆ ఆఫీసు వరండాలోనే ఉంది. కథకులు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) విశాఖలో బడిపిల్లలకు పాఠాలు చెబుతూనే రాశారు. ఇంకో పెద్ద కథకులు రావిశాస్త్రి గారు వకీలుగా నల్లకోటు వేసుకుని కోర్టుకు వెళుతూ రాశారు. మద్యనిషేధం కేసుల్లో ఎవరు బోనెక్కుతారో, ఎవరు ఎక్కరో వకీలుకు తెలిసినంత దగ్గరగా బయటివాళ్లకు తెలియదు. నీకు తెలిసిన పని కూడా అలాంటిదే.

ముందు వేళ సంగతి చూద్దాం. రోజుకు 40 నిమిషాలు, వారానికి నాలుగు రోజులు. ఇప్పటికి అంతకు మించి పెట్టుకోకు. ఆదివారమంతా కూర్చుని రాస్తాననుకునేవాళ్లకు రాత సాగదు. ఆ రోజు చుట్టాలదీ, ఉతుకుడుదీ, పిల్లల ప్రాజెక్టు చార్టులదీ. ఆ 40 నిమిషాల్లో మొదటి పది నిన్నటిది చదువుకోవడానికే పోతాయి. మిగిలిన 30లో 150 మాటలు పడితే మంచి రోజే. ఏ4 కాగితం మీద ఓ మాదిరి చేతిరాతకు పంక్తికి ఎనిమిది మాటలు, పేజీకి 25 పంక్తులు, అంటే 200 మాటలు. నువ్వు రాయాల్సింది రోజుకు ముప్పావు పేజీ. 1500 మాటల కథకు పదిసార్లు కూర్చోవాలి. రెండున్నర వారాల్లో తొలి ప్రతి చేతిలో ఉంటుంది. లేచేముందు రేపు ఏం రాయాలో ఒక్క ముక్క మార్జిన్‌లో గీకి లే. లేకపోతే మర్నాడు సగం వేళ కాగితం వైపు చూస్తూ గడిచిపోతుంది.

ఆ వేళను దొంగచాటుగా తీసుకోకు. ఇంట్లో చెప్పి తీసుకో. "కాస్త సాయం చెయ్యండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఏ రోజు, ఏ పని, ఎన్ని గంటలకు అని పేరు పెట్టి అప్పగించాలి. సోమ, మంగళ, గురు, శుక్రవారాలు పొద్దున 5:20 నుంచి 6 దాకా పాలు కాచడం, కుళాయి నీళ్లు పట్టడం, పిల్లల్ని లేపడం మీ ఆయనవి. అప్పగించాక మధ్యలో లేచి వెళ్లి చూడకు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: పాలు పొంగిన చప్పుడుకు ఒకసారి పరుగెత్తారంటే ఆ పని మళ్లీ వాళ్లదే అవుతుంది. పొంగితే పొంగనీ, పొయ్యి తుడవడం కూడా ఆ పనిలో భాగమే. ఫోను వేరే గదిలో ఉండాలి.

రాత రోజుల్లో టిఫినుకు ఇడ్లీ పెట్టుకో. గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ లెక్కన ఆదివారం ఒక వాయి, బుధవారం ఒక వాయి రుబ్బిపెడితే నాలుగు పొద్దులూ గడుస్తాయి. ఇడ్లీ 10, 12 నిమిషాలు ఆవిరి మీద దానంతటదే ఉడుకుతుంది, దగ్గర నిలబడక్కర్లేదు. ఉప్మాకైతే గరిటె వదలడానికి ఉండదు. అట్లు కూడా ఆ నాలుగు రోజులూ వద్దు, పెనం దగ్గర నుంచి కదలనివ్వవు.

ఆఫీసులో కథ రాయకు. చెవులు మాత్రం తెరిచిపెట్టు. చేతిసంచిలో పట్టే చిన్న పుస్తకం ఒకటి దగ్గర పెట్టుకుని, మధ్యాహ్నం క్యారియరు సర్దేశాక ఐదు నిమిషాలు, ఆ పూట విన్న మాట ఒకే ఒక్కటి, అన్నది అన్నట్టు రాయి. తేదీ వెయ్యి. అన్నవాళ్ల పేరు అక్కర్లేదు, "అరవై ఏళ్ల ఆవిడ, తమ్ముడితో వచ్చింది" అంటే చాలు. నీ అభిప్రాయం మాత్రం అందులో చేరనివ్వకు. "పాపం ఎంత అమాయకురాలో" అని రాసుకున్న పేజీ ఆర్నెల్లకు ఎందుకూ కొరగాదు. "వేలెక్కడ పెట్టాలో చూపించు నాయనా, ఎందుకో చెప్పొద్దులే" అన్న మాటే రాసుకుంటే పదేళ్ల తర్వాతైనా ఆ మనిషి నీ కళ్ల ముందు నిలబడుతుంది.

దస్తావేజు నంబరు, సర్వే నంబరు, ఊరు, రొక్కం, వీటిలో ఏదీ ఆ పుస్తకంలోకి ఎక్కకూడదు. నమ్మి నీ బల్ల ముందు కూర్చున్నవాళ్ల గుట్టు అది. మీ ప్రవర్తనా నియమావళిలో రచనల గురించీ ఆఫీసు సమాచారం గురించీ ఉన్న భాగాలు ఎవరినో అడక్కుండా నువ్వే తీసి చదువుకో. కథలోకి తెచ్చేటప్పుడు పేరొక్కటి మారిస్తే సరిపోదు. వయసు, ఊరు, పిల్లల సంఖ్య, ఆస్తి రకం, ఈ నాలుగిట్లో కనీసం మూడు మారాలి. మార్చేసరికి కథ కూలిపోయిందంటే ఆ ఇంటి రహస్యం తప్ప నీ దగ్గర ఇంకా ఏమీ లేదన్నమాట. ఆ కాగితాలు పక్కన పెట్టెయ్.

ఇక నువ్వు పంపిన కథ. అక్కచెల్లెళ్లు ఆస్తిలో తమ వాటా వదులుకుంటూ అన్నకు హక్కు విడుదల పత్రం రాసివ్వడం చాలా గట్టి విషయం. నువ్వు తప్ప ఇంకొకరు ఇంత దగ్గరగా రాయలేరు. కానీ కథ అయిదో పేజీలో మొదలవుతోంది. అప్పటిదాకా పెద్దక్క నిద్రలేచింది, కాఫీ తాగింది, బస్సెక్కింది, కిటికీలోంచి చూస్తూ చిన్ననాటివన్నీ తలుచుకుంది. ఆ నాలుగు పేజీలూ తీసెయ్. ఆమె వరండాలో బెంచీ మీద కూర్చుని ఉండగా ఎత్తుకో. దస్తావేజు లేఖరి చదివి వినిపిస్తుంటాడు, అన్న గోడ గడియారం చూస్తుంటాడు. ఇంటి చరిత్ర కావాలంటే ఆ కాగితంలోనే ఉంది: తండ్రి పేరు, ఆయన పోయిన తేదీ, వారసుల వరస, పొలానికి నాలుగు హద్దులు. తూర్పు హద్దులో పరాయివాళ్ల పేరు వినబడగానే పెద్దక్క తలెత్తి చూసిందని రాస్తే, ఆ చెక్క తన పెళ్లికి అమ్మినదని చదివేవాళ్లకు చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. బస్సు కిటికీ అక్కర్లేదు. ముగ్గురు అక్కచెల్లెళ్లకూ రమ, రాధ, రజని అని పేర్లు పెట్టావు. ఒకే అక్షరంతో మొదలయ్యే మూడు పేర్లుంటే ఎవరు ఎవరో తెలియక పాఠకుడు పేజీ వెనక్కి తిప్పుతాడు. రెండు పేర్లు మార్చు.

అసలు కొరత ఇది కాదు. నీ కథలో ముగ్గురూ ఒకే తీరున సంతకాలు పెట్టి వెళ్లిపోతున్నారు. నీకు కంఠతా వచ్చిన చట్టం నీ కథలోకి రాలేదు. కథ 1996లో, గుంటూరు వైపు జరుగుతోందన్నావు. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు ఇవ్వలేదు. ఆ తేడా లేని కేంద్ర సవరణ 2005 సెప్టెంబరు 9 నుంచి గానీ రాలేదు. ఇప్పుడు పెద్దక్క పెళ్లి 1981లో, చిన్నచెల్లెలి పెళ్లి 1989లో అయిందనుకో. పొలం తాతల నాటి ఉమ్మడిది, తండ్రి వీలునామా రాయలేదు. పెద్దక్క వదులుకుంటున్నది తండ్రి వాటాలోంచి తనకు వచ్చే చిన్న ముక్క. చెల్లెలు వదులుకుంటున్నది అన్నతో సమానమైన వాటా. అన్న ముగ్గురికీ ఒకే ధర చీర తెచ్చాడు. ఈ సంగతి ముగ్గురిలో ఎవరికి తెలుసు, లేఖరి ఎవరికి చెప్పాడు, తెలిసినవాళ్లు బెంచీ మీద ఎందుకు నోరెత్తలేదు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసుకున్నాక రెండో ప్రతి మొదలుపెట్టు. ఇప్పుడు నీ కథలో జాలి ఉంది. జవాబులు దొరికాక మనుషులుంటారు.

1996 అన్నావు కాబట్టి ఇంకో మాట. ఆ ఆఫీసులో కంప్యూటరూ ఫొటో తీసే కెమెరా పెట్టావు. మన దగ్గర కార్డ్ పేరుతో రిజిస్ట్రేషన్లకు కంప్యూటర్లు రావడం మొదలైంది 1998 నవంబరులో. అంతకుముందు ప్రతి దస్తావేజునూ గుమాస్తా చేత్తో పుస్తకంలోకి ఎత్తి రాసేవాడు. అసలు కాగితం చేతికి రావడానికి రోజులు పట్టేది. ఆ ఆలస్యాన్ని వాడుకో, కాగితం కోసం తిరిగే రోజుల్లో అన్నాచెల్లెళ్లు మళ్లీ ఎదురుపడాలి కదా. ఇదే కథను తెలంగాణ పల్లెకు, 2021కి మార్చాలనిపిస్తే అప్పుడు చోటు కూడా మారాలి. 2020 చివర ధరణి వచ్చాక అక్కడ సాగుభూముల రిజిస్ట్రేషను తహసీల్దారు ఆఫీసుకు వెళ్లింది. పాఠకుల్లో ఒక్క దస్తావేజు లేఖరి ఉన్నా, ఇలాంటి తప్పు కనబడగానే మిగతా కథను నమ్మడం మానేస్తాడు.

భాష. రోజంతా దస్తావేజులు చూసే కళ్లకు "సదరు", "నిమిత్తము", "తద్వారా", "ఇవ్వబడినది" మామూలుగా కనబడతాయి. నీ కథనంలో అవి చాలాచోట్ల దొర్లాయి. లేఖరి నోట ఉంచి, మిగతా అన్నిచోట్లా కొట్టెయ్. అప్పుడే ఆయన చదువుతుంటే ఆ పదాలు అక్కచెల్లెళ్లకు ఎంత పరాయివో వినబడుతుంది. యాస విషయంలో క్రియల మీద కన్నేసి ఉంచు. "వచ్చాడు" అనే మనిషి తర్వాతి పేజీలో "వచ్చినాడు" అనకూడదు. నల్గొండ వదిన "వచ్చిండు" అంటే కథంతా అలాగే అనాలి. పిలుపులూ క్రియలూ నిక్కంగా ఉంటే చాలు, ప్రతి మాటనూ వంచి యాసలో పెడితే చదవడం కష్టమవుతుంది.

తొలి ప్రతి అయ్యాక 15 రోజులు బీరువాలో పెట్టు. ఆ రోజుల్లో చదువు. శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో మొదలుపెట్టిన కథానిలయం పాత పత్రికల్లో వచ్చిన కథలను స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెట్టింది. కోర్టులు, కరణాలు, పొలం పంపకాల మీద మనవాళ్లు ఏమేం రాశారో వెతుక్కుని చదువు. ఆ తర్వాత నీ కథ పైకి చదువు. 1500 మాటలకు దాదాపు 15 నిమిషాలు పడుతుంది. నాలుక తడబడ్డ చోటల్లా పెన్సిలుతో గీత పెట్టు. నూటికి తొంభై పాళ్లు అక్కడ వాక్యం మరీ పొడుగైనా అయి ఉంటుంది, కర్త క్రియకు దూరమైనా అయి ఉంటుంది. రెండో ప్రతిని పాతదాని మీద దిద్దుతూ చెయ్యకు. కొత్త కాగితం తీసుకుని మొదటి నుంచి రాయి. దిద్దుబాటులో ప్రాణం లేని వాక్యాలన్నీ అలాగే మిగిలిపోతాయి, మళ్లీ రాయాల్సి వస్తే చెయ్యి తనంతట తనే వాటిని వదిలేస్తుంది. చివర పెద్దక్క ఆడబతుకుల మీద చేసిన పది పంక్తుల ప్రసంగం లేకుండా చూడు. వేలికి అంటిన సిరా తుడుచుకున్న చోట కథ అయిపోయింది.

టైపు చేసేటప్పుడు యూనికోడ్‌లోనే చెయ్యి. ఫోనుకు చెబుతూ రాయించుకోవడం నోట్సుకు పనికొస్తుంది, కథకు వద్దు. యాసను అది పుస్తకాల భాషలోకి మార్చేస్తుంది, విరామ చిహ్నాలు మింగేస్తుంది. "ఆఫీస్‌లో" అని కొట్టబోతే "ఆఫీస్లో" అని ఒత్తు పడుతుంది. పొల్లు తర్వాత, తరువాతి అక్షరాన్ని విడదీసే మీట నొక్కాలి, దొరక్కపోతే "ఆఫీసులో" అని రాసెయ్, హాయిగా ఉంటుంది. యూనికోడ్ కాని అను ఫాంటులో ఉన్న పాత ఫైలును నేరుగా కాపీ చేస్తే అక్షరాలన్నీ చెల్లాచెదురవుతాయి. కన్వర్టరులో మార్చినా ఒత్తులు ఒక్కొక్కటీ సరిచూడాలి.

పంపే ముందు ఆ పత్రిక మూడు నెలల సంచికలు తిరగెయ్. ఎంత నిడివి వేస్తున్నారో తెలుస్తుంది. కథతోపాటు హామీపత్రం ఉండాలి: ఇది నా సొంత రచన, అనువాదమూ అనుకరణా కాదు, ఎక్కడా ప్రచురణ కాలేదు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు. ఈ నాలుగూ నిజమై ఉండాలి కాబట్టి ఒకేసారి రెండు పత్రికలకు పంపకు, ముందే ఫేస్‌బుక్‌లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టకు. చాలా పత్రికలు దాన్ని ప్రచురణ కిందే లెక్కవేస్తాయి. సంక్రాంతి, ఉగాది, దీపావళి సంచికలకు పండగ ముందు పంపితే ఆలస్యమే, పోటీల గడువు చాలా ముందే ముగుస్తుంది. కాపీరైటుకు ఎక్కడా నమోదు చెయ్యనవసరం లేదు. 1957 చట్టం ప్రకారం రాసిన నాటి నుంచే హక్కు నీది, నీ తర్వాత 60 ఏళ్లు నీ వారసులది. అయితే పోటీ నిబంధనల్లో "సర్వహక్కులూ మావే" అని ఉంటే నీ ఉద్యోగంలో కాగితం చదివినంత జాగ్రత్తగా చదివి, నచ్చకపోతే పంపకు. మూడు నెలలు చూసి ఒక్క మెయిలు రాయి. జవాబు లేకపోతే కథ వెనక్కి తీసుకుంటున్నానని రాసి, అప్పుడు ఇంకొకరికి పంపు. ఈలోగా రెండో కథ మొదలై ఉండాలి.

రెండో ప్రతి అయ్యాక నాకు పంపు. కాగితానికి ఒకవైపే రాసి, ఎడమ పక్క రెండంగుళాలు వదులు. మొదటి పేజీ పైన ముగ్గురి పుట్టిన సంవత్సరాలు, పెళ్లిళ్ల సంవత్సరాలు, తండ్రి పోయిన ఏడాది వేసి పంపితే వాటాల లెక్క కూడా సరిచూస్తాను.

పిల్లలకు నా ఆశీస్సులు.