చూపు తగ్గిన కన్ను పక్కకు జరుగుతుంటే

ప్రశ్న: నా వయసు 36 ఏళ్ళు. పదో ఏట చిర్రగోనె ఆడుతుండగా ఎడమ కంటికి దెబ్బ తగిలి చూపు చాలావరకు పోయింది. కొన్నేళ్ళుగా ఆ కన్ను మెల్లగా బయటివైపుకు జరుగుతోంది. ఈ వయసులో మెల్లకన్ను సరికాదని కొందరు, ఆపరేషన్ చేయిస్తే ఉన్న చూపూ పోతుందని మరికొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: మెల్లకన్నును ఏ వయసులోనైనా సరిచేయవచ్చు, ఆపరేషన్ కంటిని తిప్పే కండరాల మీద జరుగుతుంది కనుక, చూపు దెబ్బతినే ప్రమాదం చాలా అరుదు. రెండు కళ్ళ నుంచీ వచ్చే బొమ్మలను మెదడు ఒకటిగా కలుపుకుంటున్నంత కాలం కళ్ళు ఒకే దిశలో నిలుస్తాయి. ఒక బొమ్మ బాగా మసకబారితే ఆ పట్టు సడలి కన్ను పక్కకు జరుగుతుంది. పెద్దల్లో అది ఎక్కువగా బయటివైపుకే పోతుంది.

అయితే మెల్ల సంగతి కంటే ముందు, చూపు ఎందుకు తగ్గిందో తేల్చుకోవాలి. దెబ్బ వల్ల శుక్లం వచ్చిందా, రెటీనా లేదా కంటి నరం దెబ్బతిన్నదా అన్నది పరీక్షలో తెలుస్తుంది. దెబ్బ తగిలిన కంటికి ఏళ్ళు గడిచాక కూడా నీటికాసులు (కంటిలో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతినే గ్లాకోమా) రావచ్చు కాబట్టి కంటి ఒత్తిడిని కూడా చూపించుకోండి. మెహదీపట్నంలోని సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రిలోనో, బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలోనో ఈ పరీక్షలు చేయించుకోవచ్చు.

ఆపరేషన్‌లో సాధారణంగా బయటివైపు కండరాన్ని వెనక్కి జరిపి కుడతారు, ముక్కువైపు కండరాన్ని కొంత కత్తిరించి బిగిస్తారు. దీన్ని చూపు తక్కువున్న కంటికే చేస్తారు కనుక మంచి కన్ను జోలికి పోనవసరం ఉండదు. దీనివల్ల చూపు పెరగదు. కన్ను నిటారైన తర్వాత ఒకటి రెండుగా కనిపించే అవకాశముందేమో ప్రిజమ్‌లతో (కాంతిని పక్కకు వంచే అద్దాలతో) ముందే పరీక్షించమని అడగండి. కన్ను చూపు ఆసరా లేనిది కాబట్టి కొన్నేళ్ళకు మళ్ళీ జరగవచ్చు, అప్పుడు రెండోసారి ఆపరేషన్ అవసరం పడవచ్చు. మెల్లకన్ను అదృష్టమని ఊరడించేవారు ఉంటారు గానీ, ఎదుటివారి ముఖంలోకి చూసి మాట్లాడలేని ఇబ్బంది పడేవారికే తెలుస్తుంది. అందుకే దీన్ని సోకు కోసం చేసే ఆపరేషన్‌గా నేను భావించను.

ఆపరేషన్ చేయించుకున్నా మానినా, పవర్ లేకపోయినా సరే, సులభంగా పగలని పాలీకార్బొనేట్ అద్దాలు ఎప్పుడూ పెట్టుకోండి; మీరు ఆధారపడుతున్నది ఆ ఒక్క కుడి కంటి మీదే.