కాలిఫోర్నియా శాన్ హోసేలో ఓబోన్ పండక్కి మనం వెళ్లొచ్చా? మన నోటికి ఏమైనా దొరుకుతుందా?

వెళ్లొచ్చు. ఓబోన్ అంటే జపాన్ వాళ్లు పోయిన పెద్దల్ని తలుచుకునే పండగ. టికెట్ లేదు, మీరెవరని అడిగేవాళ్లు లేరు. కానీ ప్లేటు పట్టుకుని చూసి వచ్చేయడం కంటే వాలంటీర్‌గా చేరండి, అసలు మజా అందులోనే ఉంది. జులైలో జపాన్‌టౌన్ 5వ వీధిలో, అక్కడి బౌద్ధ ఆలయం వాళ్లు చేస్తారు. మా ఆఫీసులో ఒకావిడ ఆ ఆలయం మెంబరు, చేతులు తక్కువయ్యాయి వస్తావా అంటే వెళ్లాను. అప్పట్నుంచి ప్రతి ఏడూ వెళ్తున్నా.

నన్ను చికెన్ తెరియాకీ దగ్గర పెట్టారు, అంటే తియ్యటి సోయా సాస్ పూసి కాల్చే కోడి. పొడుగాటి బొగ్గుల పొయ్యి, దాని మీద రెండు ఇనుప జాలీల మధ్య బిగించిన కోడి ముక్కలు. అటొకరు ఇటొకరు పట్టుకుని జాలీని ఒక్కసారిగా తిప్పాలి, ఒకరు ముందు ఒకరు వెనకైతే ముక్కలన్నీ నిప్పుల్లోకే. జులై ఎండ పైన, పొగ కళ్లల్లో. ఎనభై దాటిన పెద్దాయన ఒకాయన నీలం హాపీ కోటు, అంటే జపాన్ వాళ్ల పొట్టి పండగ కోటు, వేసుకుని పక్కనే నిలబడి ఎప్పుడు తిప్పాలో చెప్తుంటాడు. సాస్ ముందే పూయనివ్వడు, అందులో చక్కెర ఉంటుంది కదా, మాడి చేదెక్కుతుంది. కాస్త తీరిక దొరికినప్పుడు మీదే ఊరని అడిగాను. పుట్టింది వయోమింగ్‌లో, హార్ట్ మౌంటెన్ క్యాంపులో అన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, అప్పటి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వుతో దాదాపు 1,20,000 మంది జపాన్ సంతతి వాళ్లని ఇళ్లు వదిలించి క్యాంపుల్లో పెట్టారు, అందులో ఎక్కువమంది అమెరికా పౌరులే. ఆ ముళ్లకంచె లోపల కూడా ఓబోన్ డాన్సు ఆడారని వాళ్లమ్మ చెప్పేదట. ఇంకేదో అడగబోతుంటే జాలీ వైపు చెయ్యి చూపించాడు, తిప్పమని.

ఇక తిండి. మాంసం తినేవాళ్లకి దిగుల్లేదు. ఆ చికెన్‌లో కారం అసలుండదు, అయినా బొగ్గుల మీద కాలిన వాసనకి అన్నంతో లాగించేయొచ్చు. స్పామ్ ముసుబీ అంటే అచ్చులో నొక్కిన అన్నం మీద వేయించిన పంది మాంసం ముక్క పెట్టి, సముద్రపు నాచు పట్టీ చుడతారు. నాకు ఇష్టం, మా ఆవిడ వాసన కూడా పడనివ్వదు. శాకాహారులు మాత్రం జాగ్రత్త, ఉడాన్ అనే లావు నూడుల్స్ పులుసులో మాంసం ముక్క కనపడకపోయినా దాన్ని మామూలుగా ఎండు చేపతోనే కాస్తారు. మొక్కజొన్న కంకి, రంగు సిరప్ పోసిన ఐసు, ఎర్ర చిక్కుడు పూర్ణం పెట్టిన మంజు, వీటికి ఢోకా లేదు. మంజు కొరికితే బొబ్బట్టు గుర్తొస్తుంది.

సాయంత్రం డాన్సు. అందులో తాంకో బుషి అని బొగ్గు గని పాట ఒకటుంది, జపాన్‌లో క్యుషు దీవిలోని మియికే గని పేరు అందులో వస్తుంది. తవ్వు, తవ్వు, భుజం మీద వేసుకో, చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి చూడు, బండి తొయ్యి, చప్పట్లు. అంతే స్టెప్పులు. మాది గోదావరిఖని, మా నాన్న సింగరేణి బొగ్గు బాయిలో ఫిల్లర్, తట్టా చెమ్మస్‌తో, అంటే తట్టా పారతో, బొగ్గు టబ్బులు నింపిన మనిషి. వీడియో కాల్‌లో చూపిస్తే ఆయన నవ్వి, తవ్వేటప్పుడు నడుం అంత నిటారుగా ఉంటదారా అన్నాడు.

ఒక మాట అనకుండా ఉండలేను. చనిపోయిన తల్లి ఆకలి ప్రేతమై బాధపడుతుంటే బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు భిక్షువులకి దానం చేసి ఆమెని గట్టెక్కించి, సంతోషం పట్టలేక గంతులేశాడట, ఈ డాన్సుకి వాళ్లు చెప్పే కథ ఇదే. పెద్దలకి పెట్టడం, గుండ్రంగా తిరిగి ఆడటం. మనకి మాత్రం లేదా? పెత్రమాస నాడు పెద్దలకి బియ్యం ఇచ్చి, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తుకుంటాం. కానీ ఇక్కడ మనవాళ్లు చేసే బతుకమ్మకి పోండి. ముఖ్య అతిథి, జ్యోతి ప్రజ్వలన, రియల్ ఎస్టేట్ స్పాన్సర్ ప్రసంగం, శాలువాలు. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే యాంకరమ్మ ఇంకో రెండు నిమిషాలంటుంది. ఆడవాళ్లు ఆడేది ఆఖర్న అరగంట, అదీ డీజే పాటలకి. వంట కేటరింగ్ వాడిది, గిన్నె కడిగిన మెంబర్ని నేనైతే చూడలేదు. అక్కడ ఓబోన్‌లో నా పక్కన చెత్త సంచులు మార్చినాయన సర్జన్ అని తర్వాత తెలిసింది.

సరే, మీ ప్రశ్నకి వస్తే, కారులో వెళ్లకండి, పార్కింగ్ నరకం. లైట్ రైల్లో జపాన్‌టౌన్ స్టేషన్‌లో దిగి నడవండి. పండక్కి ముందు కొన్ని సాయంత్రాలు డాన్సు ప్రాక్టీసు ఉంటుంది, అక్కడికి వెళ్తే స్టెప్పులూ వస్తాయి, వాలంటీర్ల లిస్టులో పేరూ రాసుకుంటారు. యుకాతా, అంటే వాళ్ల పల్చటి నూలు కిమోనో, కట్టుకుంటే ఎడమ అంచు పైకి రావాలి, కుడిది పైకొస్తే అది శవానికి కట్టే పద్ధతి, ఎవరో ఒక అమ్మమ్మ వచ్చి విప్పి మళ్లీ కడుతుంది. చికెన్ మాత్రం ముందే తీసుకోండి, చీకటి పడేసరికి మిగలదు.